మూడేళ్లు దాటితే అందరూ ఒకటేనా? చెవి థర్మామీటరుతో ఎనిమిది నెలలు

నాకు 72 ఏళ్లు. ఉద్యోగమంతా ఫిజిక్స్ ల్యాబ్‌లోనే గడిచింది. పిల్లల చేతికి వెర్నియర్ కాలిపర్స్ ఇవ్వడం, "ముందు జీరో ఎర్రర్ చూశావా?" అని అడగడం, వాళ్లు చూడలేదని తల గోక్కోవడం. ఆ అలవాటు రిటైరైనా పోలేదు. ఏ కొలత సాధనం ఇంటికొచ్చినా నాలుగు రోజులు అనుమానించి గానీ నమ్మను. ఎనిమిది నెలల కిందట మా అబ్బాయి ఈ చెవి థర్మామీటరు తెచ్చినప్పుడూ అంతే.

కంపెనీ పేరు రాయను. నేను చెప్పబోయే లోపం దీని ఒక్కదానిదే కాదని నా అనుమానం. ఫోన్‌లో యాప్‌తో కలిసే రకం ఇది. చెవిలో పెట్టి బటన్ నొక్కితే రెండు సెకన్లలో కూత వేస్తుంది. అంకె కింద రంగు లైటు వెలుగుతుంది: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఆ అంకె బ్లూటూత్‌లో యాప్‌కి వెళ్లి, ఎవరి పేరు మీద తీశామో వాళ్ల ఖాతాలో తేదీ, టైముతో సహా చేరుతుంది. ఇంట్లో ఆరుగురం. నేను, మా ఆవిడ (68), మా అబ్బాయి, కోడలు, ఒకటో తరగతి చదివే మనవరాలు, అప్పటికి ఆరు వారాల మనవడు. నిజానికి కొన్నది వాడి కోసమే. మూడు నెలల లోపు పసివాళ్లకి ఉష్ణోగ్రత 100.4 డిగ్రీలకి చేరితే రాత్రా పగలా అని చూడకుండా డాక్టరుకి చూపించాలి. అంత చిన్న ఒంట్లో జ్వరం తప్ప వేరే గుర్తేమీ కనపడకపోవచ్చు మరి. ఈ పరికరం ఆ వయసుకి అక్కడే ఎర్ర లైటు వేస్తుంది. ఆ మేరకు మెచ్చుకోవాలి. (అంత పసివాళ్లకి చెవి కొలతని పూర్తిగా నమ్మొద్దని మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంది. చిన్న అక్షరాలు చదవడం నా వృత్తి.)

వయసుకో బటన్ ఉంది. 0 నుంచి 3 నెలలు, 3 నుంచి 36 నెలలు, ఆపైన 36 నెలలు దాటినవాళ్లు. అంతే, అక్కడితో ఆగిపోయింది. అంటే మా ఆరేళ్ల మనవరాలు, నేనూ దాని లెక్కలో ఒకే వయసు. మొదట నవ్వొచ్చింది. యాప్ మాత్రం పుట్టిన తేదీ అడిగింది. వేలితో చక్రం తిప్పుకుంటూ 1953 దాకా దిగేసరికి వేలు నొప్పెట్టింది. తీరా చూస్తే ఆ తేదీని అది దేనికీ వాడదు.

ముందు కొలత సంగతి. పాత పాదరసం థర్మామీటరు పక్కన పెట్టుకుని పది పొద్దుళ్లు నా మీదే ప్రయోగం చేశాను. లేచిన గంటకి, ఒకే కుర్చీలో, నాలుక కింద ఒకటి, చెవిలో ఒకటి. ఇది కర్ణభేరి నుంచి వచ్చే పరారుణ కిరణాల్ని చదువుతుంది. మెదడులో ఉష్ణోగ్రతని నియంత్రించే హైపోథాలమస్‌కీ, కర్ణభేరికీ రక్తం ఒకే వైపు నుంచి అందుతుంది కాబట్టి చోటు మంచిదే. చిక్కల్లా గురి దగ్గర. చెవిని సరిగ్గా లాగకపోతే అది కర్ణభేరిని కాక దారి గోడని చూస్తుంది, అరడిగ్రీ తక్కువ చూపిస్తుంది. ఏడాది దాటినవాళ్లకి చెవిని పైకీ వెనక్కీ లాగాలి, ఏడాది లోపు వాళ్లకి నేరుగా వెనక్కి. దిండుకి ఆనిన చెవి వేడిగా ఉంటుంది, దాంట్లో పెట్టకూడదు. నాకు ఎడమ చెవిలో వినికిడి మిషను ఉంది. అది తీసి ఇరవై నిమిషాలు ఆగాలి, లేదంటే కుడి చెవి వాడాలి. ఇవన్నీ పాటిస్తే వరసగా మూడుసార్లు తీసినా తేడా 0.3 దాటలేదు. డబ్బా మీద రాసిన 0.4 లోపే. సాధనంగా పాస్.

ఆ పది రోజుల సగటు చూస్తే నా మామూలు ఉష్ణోగ్రత 97.1. 98.6 కాదు.

98.6 అన్న అంకె 1868లో జర్మనీ వైద్యుడు కార్ల్ వుండర్‌లిష్ పుణ్యమా అని స్థిరపడింది. వేల మంది రోగుల చంకల్లో థర్మామీటర్లు పెట్టి తేల్చిన సగటు అది. వయసు మళ్లినవాళ్ల ఒళ్లు అంతకన్నా చల్లగా ఉంటుందని ఆయనే రాశాడు. జనానికి అంకె గుర్తుండిపోయింది, ఆ వాక్యం గుర్తులేదు. మా ఆవిడది 97.4. మనవరాలిది 98.5. ఈ మూడూ ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. మా అబ్బాయి చూసి, "నాన్నా, యాప్‌లో అన్నీ ఉంటాయిగా" అన్నాడు. ఉండవు. యాప్ ఏనాడూ సగటు తీసి చూపించలేదు.

ఇక అసలు పరీక్ష. కొన్న మూడున్నర నెలలకి వచ్చింది. నేను ఏర్పాటు చేసింది కాదు.

సోమవారం సాయంత్రం మనవరాలు స్కూల్ నుంచి వస్తూనే బ్యాగు గుమ్మంలో పడేసి సోఫాలో ముడుచుకుంది. 103.4. ఎర్ర లైటు. యాప్ బుయ్‌మని మోగింది, కోడలి ఫోన్‌లో, అబ్బాయి ఫోన్‌లో, నా ఫోన్‌లో కూడా. ఇల్లంతా టెన్షన్. చిన్నవాడికి అప్పటికి అయిదో నెల. ఆరు నెలలు నిండితే గానీ ఫ్లూ టీకా వేయరు కదా, కోడలు వాణ్ణెత్తుకుని అదే రాత్రి వెనక గదిలోకి మారిపోయింది. మనవరాలి పక్కన మా అబ్బాయి పడుకున్నాడు. బుధవారం రాత్రి వాడికి 101.8, పసుపు. గురువారం సాయంత్రం నాకు 98.4. ఆకుపచ్చ. శుక్రవారం పొద్దున్న 99.3. అప్పుడూ ఆకుపచ్చే. కింద ఒక నవ్వు మొహం బొమ్మ.

నాకు దగ్గు లేదు, ముక్కు కారడం లేదు. ఒళ్లు కాస్త బరువు. ఏముందిలే, పిల్ల జ్వరానికి రెండు రాత్రులు మేలుకున్నాం కదా అనుకున్నాను. కోడలు తలుపు దగ్గర నిలబడి, మాస్క్ లోంచే, "మామయ్యగారూ, పొద్దుట్నుంచీ పేపరు అదే పేజీలో ఉంది" అంది. చూసుకుంటే నిజమే. గళ్లనుడికట్టులో మొదటి అడ్డం కూడా పూరించలేదు. చొక్కా జేబులో థర్మామీటరు ప్లాస్టిక్ క్యాప్‌లు మూడు ఉన్నాయి, ఎప్పుడు వేసుకున్నానో తెలీదు. ఆమె ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి చీటీ చూసింది, ఫోన్‌లో అంకె చూసింది. 99.3లోంచి 97.1 తీసేస్తే 2.2.

ఈ తీసివేత ఆమె సొంత తెలివి కాదు, నాదీ కాదు. వృద్ధుల ఆశ్రమాల్లో జ్వరాన్ని గుర్తించడానికి అమెరికాలోని అంటువ్యాధుల వైద్యుల సంఘం 2008లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నదే. నోటిలో ఒక్కసారి 100 డిగ్రీలు దాటినా, మళ్లీ మళ్లీ 99 దాటుతున్నా, మనిషి మామూలు ఉష్ణోగ్రత కన్నా 2 డిగ్రీలు పెరిగినా జ్వరం కిందే లెక్క. వాళ్లది నోటి లెక్క, నాది చెవి లెక్క, ఆ తేడా ఉండనే ఉంది. కానీ ఒకే చెవిలో ఒకే సాధనంతో తీసిన తీసివేతకి అంత తేడా రాదు. పెద్ద వయసులో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వచ్చినా నలుగురైదుగురిలో ఒకరికి జ్వరం సరిగ్గా రాదు, కొందరికి అసలు రాదు. తికమక పడడం, తూలిపడడం, ఏదీ ముట్టకపోవడం, ఊరికే పడుకుండిపోవడం, ఇవే గుర్తులు. చిన్నపిల్లల ఒళ్లు మంటలేసి ఊరంతా చాటుతుంది. మా ఒళ్లు తడి కట్టెలా లోలోపల రాజుకుంటుంది.

ముక్కులోంచి తీసిన శాంపిల్‌లో ఇన్‌ఫ్లుయెంజా ఎ (ఫ్లూ వైరస్‌లో ఒక రకం) తేలింది. వైరస్ మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు పడితే ఎక్కువ పని చేస్తుంది. గురువారం సాయంత్రం నుంచి లెక్కేసుకుంటే నాకు పద్దెనిమిది గంటల్లోపే పడింది. పసుపు లైటు కోసం కూర్చుంటే? శనివారం మధ్యాహ్నానికి గానీ నాకు 100 దాటలేదు. అప్పటికి దాదాపు రెండు రోజులు. ఆ ఏడాది ఫ్లూ టీకా వేయించుకోకుండా రేపు, ఎల్లుండి అంటూ దాటేసింది కూడా నేనే. ఆ తప్పు థర్మామీటరుది కాదు.

మనవరాలికి గురువారానికే జ్వరం తగ్గింది. నాలుగో రోజు యాప్ "కోలుకున్నారు" అని చప్పట్ల బొమ్మ వేసింది. ఇది నాకు ఎర్ర లైటు కన్నా ప్రమాదంగా అనిపించింది. ఫ్లూ వచ్చిన పెద్దవాళ్లు లక్షణాలు కనపడడానికి ఒక రోజు ముందు నుంచీ మొదలెట్టి, తర్వాత అయిదు నుంచి ఏడు రోజుల దాకా వైరస్‌ని వదులుతారు. చిన్నపిల్లలు పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అదే వైరస్ వాళ్ల ఒంటికి కొత్త కాబట్టి తరిమేయడానికి టైము పడుతుంది. ఆ చప్పట్ల బొమ్మ చూసి పిల్ల తమ్ముడి దగ్గరికి పరిగెత్తబోతే వాళ్ల నాన్న 101 జ్వరంతో లేచి అడ్డం పడ్డాడు. మరో వారం పాటు అక్కా తమ్ముళ్లు కిటికీ అద్దానికి అటొకరు ఇటొకరు. చిన్నవాడి అంకెలు ఆ పది రోజులూ 98 దగ్గరే ఉన్నాయి.

మా ఆవిడ ఖాతా మరీ విచిత్రం. ఆమెకి రెండు రోజులు గొంతు గరగర, అంతే. అంకె 97.4 నుంచి 97.6. ఆమెకి వైరస్ వచ్చిందా రాలేదా? ఈ పరికరం చెప్పలేదు. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు 2009-10లో 26 కుటుంబాల దగ్గర ఏడాది పాటు వారం వారం ముక్కు శాంపిళ్లు తీశారు. వైరస్ దొరికిన సందర్భాల్లో సగానికి సగం ఏ లక్షణమూ లేదు. అయిదేళ్ల లోపు పిల్లల్లోనైతే ఏడాదిలో సగం వారాలు ఏదో ఒక వైరస్ ఉంది. పిల్లలు లేని ఇళ్లలో ఏడాదికి మూడు నాలుగు వారాలే వైరస్ కనిపిస్తే, ఒక బిడ్డ ఉన్న ఇంట్లో 18 వారాలు, ఆరుగురు పిల్లలున్న ఇంట్లో 45 వారాలు. ఆ లెక్క చదివాక మా మనవరాలి ముక్కుని నేను ఇంటి సింహద్వారంలా చూస్తున్నాను.

ఈ రకం యాప్ థర్మామీటర్ల మీదే ఒక పెద్ద అధ్యయనం 2023లో వచ్చింది. మా అబ్బాయి దీన్ని కొన్నదీ ఆ వార్త చదివే. 2019 అక్టోబరు నుంచి మూడేళ్ల పాటు అమెరికాలో దాదాపు 8.5 లక్షల ఇళ్ల ఉష్ణోగ్రతలు పోగేశారు. పెద్దలూ పిల్లలూ కలిసి ఉన్న ఇళ్లలో జ్వరం ఒకరి నుంచి ఒకరికి పాకిన సందర్భాలు చూస్తే, 70.4 శాతం పిల్లల దగ్గర మొదలైనవే. స్కూళ్లకి సెలవులిచ్చినప్పుడు ఆ వాటా తగ్గింది. బాగుంది. కానీ నాలాంటి చాదస్తుడికి ఇక్కడొక ప్రశ్న. ఏ ఇంట్లోనైనా నలతగా కనపడగానే ముందు థర్మామీటరు పెట్టేది పిల్లలకి. జ్వరం నిజంగా వచ్చేదీ పిల్లలకే. తాతకి 99.3 వస్తే అది పరికరం లెక్కలో జ్వరమే కాదు. కాబట్టి నాబోటివాళ్లు మొదటివాళ్లుగా గానీ రెండోవాళ్లుగా గానీ ఆ లెక్కలో పడే అవకాశమే తక్కువ. పిల్లలు మోసుకొస్తారన్నది అబద్ధమనడం లేదు, మా ఇంట్లో జరిగిందీ అదే. ఎంత శాతం అన్నదాన్ని మాత్రం ప్లస్ ఆర్ మైనస్‌తో చదువుకోవాలి.

పైగా అన్ని వైరస్‌లకీ ఒకే వరస లేదు. ఫ్లూ ఇంట్లో జొరబడితే పెద్దవాళ్ల కన్నా పిల్లలకే తొందరగా అంటుకుంటుంది. కోవిడ్ మొదటి ఏడాది దానికి రివర్స్. 2020లో 54 అధ్యయనాల్ని కలిపి చూస్తే, ఇంట్లో ఒకరికి వచ్చాక మిగతా పెద్దవాళ్లలో 28.3 శాతం మందికి సోకింది, పిల్లల్లో 16.8 శాతం మందికి. మొగుడూ పెళ్లాల మధ్య ఏకంగా 37.8. తర్వాత ఒమిక్రాన్ రకం వచ్చాక ఆ లెక్కలు మారిపోయాయి. కెనడాలోని ఒంటారియోలో 2021లో ఇంకోటి గమనించారు. పిల్లల వల్ల కోవిడ్ ఇంట్లోకి వచ్చిన కుటుంబాల్లో, 14 నుంచి 17 ఏళ్ల వాళ్ల కన్నా మూడేళ్ల లోపు వాళ్ల నుంచే ఇంట్లోవాళ్లకి ఎక్కువ అంటింది. ఎందుకో చెప్పడానికి ల్యాబ్ అక్కర్లేదు. పదిహేనేళ్లవాణ్ణి గదిలో ఉండమని తలుపేయొచ్చు, వాడూ అదే కోరుకుంటాడు. రెండేళ్లవాణ్ణి ఎత్తుకోకుండా ఎవరు ఉంటారు?

అంటుకోవడం ఒక ఎత్తు, అంటుకున్నాక ఏమవుతుందన్నది ఇంకో ఎత్తు. కోవిడ్ టీకాలు రాకముందు లెక్క ఇది. సోకినవాళ్లలో చనిపోయినవాళ్లు పదేళ్ల వయసులో 0.002 శాతం, 25లో 0.01, 55లో 0.4, 65లో 1.4, 75లో 4.6, 85లో 15. నిలువున ఒక్కో మెట్టుకి అంకె పది రెట్లయ్యే సెమీ లాగ్ గ్రాఫ్ పేపర్ మీద పెడితే దాదాపు సరళరేఖ. స్కేలు పెట్టి గీశాను కూడా. యాభై దాటాక ప్రతి పదేళ్లకీ మూడు రెట్ల పైమాట. ఫ్లూ గీత ఇలా ఉండదు, రెండు చివర్లా లేస్తుంది. పసివాళ్ల దగ్గర ఒకటి, మా దగ్గర ఒకటి. మా ఇంట్లో ఆ రెండు చివరలకీ మధ్య ఒక్క గోడే అడ్డం. వయసు ఎప్పుడూ నష్టమే అనీ కాదు. 2009లో స్వైన్ ఫ్లూ కుర్రవాళ్లని పడగొడుతుంటే, 1957కి ముందు పుట్టిన మాకు అది కాస్త తక్కువగా తగిలింది. దాని దూరపు చుట్టం లాంటి హెచ్1ఎన్1 రకాలు 1957 దాకా తిరుగుతుండేవి, వాటి రుచి చిన్నప్పుడే చూసిన ఒళ్లు ఇవి. ముసలితనానికి దక్కిన అరుదైన బోనస్.

సరే, పరికరం దగ్గరికి వస్తాను. చిన్న చిన్న చిరాకులు: నెలకి రెండుసార్లైనా బ్లూటూత్ తెగి, అంకెలు యాప్‌కి వెళ్లవు. మళ్లీ కలిపినప్పుడు పాతవన్నీ ఒకే టైముతో, చివరగా తీసినవాళ్ల ఖాతాలో పడతాయి. ఒకసారి అలాగే మా ఆవిడ పేరు మీద మనవరాలి 103 చేరి అరగంట గందరగోళం. బ్యాటరీ మూత పిల్లలు తీయలేరు, నేనూ తీయలేను. చీకట్లో అంకె బాగా కనపడుతుంది, అది మంచిదే. గుబిలి ఉన్న చెవిలో తక్కువ చూపిస్తుంది, లెన్సు వారానికోసారి తుడవాలి.

వయసు బటన్ గురించి కస్టమర్ కేర్‌కి మెయిల్ రాశాను. 36 నెలలు, 72 ఏళ్లు ఒకే బుట్టలో ఎలా వేశారు, పుట్టిన తేదీ తీసుకుని ఏం చేస్తున్నారు, కనీసం మనిషి సగటు చూపించి దానికన్నా 2 డిగ్రీలు పెరిగితే పసుపు లైటు వేయొచ్చు కదా అని. మూడో రోజు జవాబు వచ్చింది: మా ఉత్పత్తిని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు, పరికరం డిజైన్ ప్రకారమే పనిచేస్తోంది. నేనూ అదే అంటున్నాను, గొడవంతా ఆ డిజైన్‌తోనే.

అయిదులో మూడు స్టార్లు. పసిపిల్లలున్న ఇంటికైతే నాలుగు ఇస్తాను. ఒక్కళ్లే ఉండే పెద్దవాళ్లకైతే రెండే, అదీ చీటీ రాసుకుంటామని మాటిస్తే. లైటు మీద ఒక ముక్క టేపు అంటించి వాడుకుంటే ఇంకా మేలు. మా ఇంట్లో అదే చేశాం.

ఫ్రిజ్ మీద చీటీని ఇప్పుడు మనవరాలు తిరగరాసింది, రంగు పెన్సిళ్లతో. అందరి పేర్లూ, అందరి అంకెలూ. చివర్లో తన ఎలుగుబంటి పేరు, ఎదురుగా 94. ప్లాస్టిక్ క్యాప్‌ల రెండో డబ్బా కూడా అయిపోవచ్చింది. సగం ఆ ఎలుగుబంటి చెవులకే పోయాయి.